ఓడోమీటర్ మీద 3,912

పొద్దున్నే ఏడున్నరకి, షట్టరు ఇంకా సగమే లేచి ఉండగా
పసుపురంగు కూపే ఒకటి యార్డులోకి వచ్చి ఆగింది.
పెర్త్ ఊళ్లో, ఆస్బోర్న్ పార్క్‌లో, ఇరవై రెండేళ్లుగా
వాడిన బండ్లకి వెల కట్టడమే నా పని.
దీన్ని వాడిందంటే ఒట్టు.
పదకొండు నెలల పసిది.
సీట్లకి ఇంకా ఫ్యాక్టరీ వాసన పోలేదు.

దిగిన మనిషి పేరు టామ్సిన్ క్రోకర్.
ఉత్తరాన ఇనుప గనుల్లో
ఇంటంత ఎత్తు లారీ తోలుతుంది.
రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇక్కడ.
ఆ రెండు వారాలూ ఐదు వందల గుర్రాలు
ఎయిర్‌పోర్టు పార్కింగులో ఎండకి నిలబడి ఉంటాయి,
నిలబడ్డందుకు అద్దె కట్టుకుంటూ.

నేను ముందు మాట్లాడను. మోకాళ్ల మీద కూర్చుంటాను.
తలుపు అంచుకి పెయింటు మందం కొలిచే మీటరు ఆనిస్తాను.
సీటు పట్టాల సందులో వేలు పెడితే
ఎర్రమట్టి.
ఎన్ని నీళ్లు పోసినా వదలని పిల్బరా.
ముందు టైర్లు కొత్తగానే ఉన్నాయి.
వెనకవి బోడిగుండ్లు.
మనిషి దాచింది వెనక టైర్లు చెప్పేస్తాయి.
“వన్నెరూ ట్రాక్ మీద, ఒక్క ఆదివారం,”
అంది, నేను అడక్కుండానే.

లక్షా పద్దెనిమిది వేల డాలర్లకి కొన్నదట.
ఎనభై నాలుగు, అన్నాను.
అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు.
ఈ రోడ్డు మీద కొరివి చేతికిచ్చేదీ మేమే,
ఏడాది తిరక్కుండా అడవి చూపించేదీ మేమే.

ఫోను తీసి లెక్క వేసుకుంది.
కిలోమీటరుకి ఎనిమిది డాలర్ల అరవై తొమ్మిది సెంట్లు.
నవ్వింది.
“టాక్సీలో తిరిగుంటే
డ్రైవరు కబుర్లన్నా దక్కేవి.”

తర్వాత ఒక సంగతి చెప్పింది, బానెట్ మీద చెయ్యి ఆనించి.
బుక్ చేశాక పద్నాలుగు నెలలు ఎదురుచూసిందట.
ఆ రోజుల్లో ఎవరో ముక్కూమొహం తెలియనివాడు
వరసలో తన చోటు ఇస్తే చాలు,
పదిహేను వేలు పైన పెడతానన్నాడట.
అప్పటికి బండి లేదు.
రేకు రేకుగానే ఉంది, రంగు డబ్బాలోనే ఉంది.
పుట్టకముందు దానికి ఉన్న ధర
పుట్టాక ఒక్కరోజు కూడా లేదు.

మొన్న మార్చిలో కొత్త మోడల్ ప్రకటించారు,
నలభై గుర్రాలు ఎక్కువట.
ఆ పూటే ఈ పసుపురంగు
నాలుగు వేలు పాలిపోయింది,
చెట్టు నీడన కదలకుండా నిలబడే.

ఎందుకు అమ్ముతున్నావని అడగలేదు.
నా ఫారంలో దానికి గడి లేదు.
ఎనభై ఆరు, అంది. ఎనభై ఐదు, అన్నాను.
జూండలప్‌లో ఒక పళ్ల డాక్టరు
ఇలాంటిదానికే తొంభై ఏడు ఇస్తానని
నిన్న రాత్రే నాకు మెసేజ్ పెట్టాడు.
ఆ మాట నా చొక్కా జేబులో
ఒకసారి వణికి ఊరుకుంది.

నాకు పంతొమ్మిదేళ్ల యూట్ ఉంది.
దాని ధర పడిపోవడం ఎప్పుడో మానేసింది,
పడ్డానికి ఇంకా కింద చోటు లేక.
దాన్ని చూసి కాసేపు నాకు గర్వంగా ఉండేది.
ఇవాళ ఎందుకో లేదు.

సంతకం పెట్టింది.
డిక్కీలోంచి ఉక్కుముక్కు బూట్లు తీసుకుంది,
గ్లవ్‌బాక్సులోంచి నల్ల కళ్లద్దాలు, సగం చప్పరించిన పిప్పరమెంట్ల పొట్లం.
తాళం నా చేతిలో పెడుతూ
“మూడో గేరులో అద్దాలు కొంచెం దింపండి,” అంది,
పిల్లాణ్ణి బడిలో దింపి
టీచరుకి అప్పగింత చెప్పినట్టు.
ఇప్పుడేం కొంటావన్నాను.
“ముందు నిద్రపోతాను,” అంది.
బూట్లు భుజాన వేసుకుని బస్‌స్టాపు వైపు నడిచింది.

బండిని వెనక షెడ్డులో పెట్టాలి. రెండు వందల గజాలు.
నేను గేటులోంచి ఎడమకి తిప్పాల్సింది
కుడికి తిప్పాను.
మూడో గేరు. అద్దాలు దింపాను.

తిరిగొచ్చేసరికి మీటరు 3,919.
ఫారం మీద సిరా అప్పటికే ఆరిపోయింది.
దిద్దలేదు.